మండవల్లికి అందిందని రాసిన లాగ్

సాఫ్ట్‌వేర్ పనిలో రిటైరయ్యే వయసుదాకా ఉన్నవాళ్ళు మా వైపు తక్కువ. నేను ఉన్నాను. ఏలూరులో పవర్‌పేట స్టేషన్‌కి దగ్గరగా, ఒక మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసులో ఏళ్ళ తరబడి కోడ్ రాసి, కళ్ళు మొరాయించాక మానేశాను. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఇంటిపట్టున ఉంటున్నాను. అప్పుడప్పుడూ ఇంజనీరింగ్ చదివే పిల్లలు వచ్చి ప్రాజెక్టు ఏం చేయమంటారని అడుగుతారు. లాగింగ్ గురించి, అంటే ప్రోగ్రాము తను చేసిన పనులు రాసుకునే చిట్టా గురించి, అడిగినవాళ్ళు మాత్రం ఇంతవరకూ ఒక్కరు లేరు. అది చివర్లో అతికించే పని అని వాళ్ళ లెక్క. ఒకప్పుడు నా లెక్కా అదే. అందుకే ఈ సంగతి చెప్పాలనిపించింది.

నేను ఈ పనిలోకి వచ్చింది నలభై మూడేళ్ళకి. అంతకుముందు మా ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ సెక్షన్లో ఉండేవాణ్ణి. ఆ సెక్షన్ ఎత్తేశారు. పెళ్ళీడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని జావా నేర్చుకున్నాను. అక్కడ పాఠం చెప్పిన కుర్రాడే తర్వాత ఏలూరులో సొంతంగా కంపెనీ పెట్టి నన్ను పిలిచాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. అయినా నన్ను మాస్టారూ అనేవాడు. దాంతో ఆఫీసులో అందరికీ మాస్టారునైపోయాను. ఉన్నది మొత్తం ఐదుగురం. రోజూ ప్యాసింజర్‌లో తాడేపల్లిగూడెం నుంచి పవర్‌పేట వచ్చి దిగేవాణ్ణి.

మా కంపెనీకి ఉన్న ఆస్తల్లా ఒక వర్క్‌ఫ్లో లైబ్రరీ. ఒక కాగితం ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకి ఏ వరసలో వెళ్ళాలో, ఎవరు సంతకం పెడితే ముందుకు కదలాలో చూసుకునే కోడ్ అది. స్కూలు అడ్మిషన్లకైనా, ఆసుపత్రి చీటీలకైనా కాస్త మార్చి వాడుకోవచ్చు. దాన్ని మొదట కొన్న పెద్ద పార్టీ చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ఒక ప్రైవేటు ల్యాబ్. రెండువేల నాలుగో ఐదో, ఆ రోజుల మాట.

ల్యాబ్ ఏలూరులో ఉండేది. కలిదిండిలో, మండవల్లిలో, ఇంకో రెండు చోట్ల దానికి కేంద్రాలుండేవి. రైతులు చెరువు నీళ్ళు సీసాలో పట్టి కేంద్రంలో ఇస్తే, అవి పొద్దున బస్సుకి ఏలూరు వచ్చేవి. ఇక్కడ పరీక్ష చేసి, నీళ్ళలో ఏం తేడా ఉందో, ఏం చేయాలో మళ్ళీ కేంద్రానికి చెప్పాలి. ఆ రాకపోకలు నడిపించేది మా లైబ్రరీ. శాంపిల్ వచ్చింది, పరీక్ష మొదలైంది, ఫలితం తేలింది అని ఒక్కో దశ దాటగానే లైబ్రరీ ఒక కబురు వేస్తుంది. ఆ కబురు కావలసినవాళ్ళు ముందే పేరు నమోదు చేసుకుని ఉంటారు. అంటే మనుషులు కాదు, చిన్న చిన్న ప్రోగ్రాములు. వాటిని ఒకదాని తర్వాత ఒకటి పిలిచి కబురు చెప్పడం లైబ్రరీ బాధ్యత. ఆ ల్యాబ్‌లో అలాంటివి మూడు పెట్టాం. మొదటిది నేను రాసిన లాగ్. ప్రతి కబురుకీ ఒక లైను ఫైల్లో రాసి పెడుతుంది. రెండోది ల్యాబ్ ప్రింటర్. మూడోది కేంద్రానికి వెళ్ళే సందేశాల పెట్టె. కేంద్రంలో ఉన్న కంప్యూటర్ గంటకోసారి ఫోన్ లైన్ మీద వచ్చి ఆ పెట్టెలో ఉన్నది పట్టుకుపోతుంది.

లాగ్ మొదట ఇంగ్లీషులో ఉండేది. ల్యాబ్ మేనేజర్ గారు పెద్దమనిషి, నిదానస్తుడు. ఒకరోజు అది చూసి, "ఏవండీ, ఇది రేపు రైతులకి కూడా చూపించాల్సొస్తుంది. తెలుగులో పెట్టండి" అన్నారు. సరేనని కూర్చున్నాను. నోటిఫైడ్ అన్న మాటకి ఏం పెట్టాలి? తెలియజేయబడింది అని పెడితే కాలమ్‌లో పట్టక కిందికి విరిగింది. పంపాం అందామనుకున్నాను. కంప్యూటర్ పంపాం అంటే ఎవరు పంపినట్టో అనిపించింది. చివరికి అందింది అని పెట్టాను. చిన్న మాట, కాలమ్‌లో చక్కగా సరిపోయింది. దాని మీద నేను పెట్టిన ఆలోచన అంతే.

మా ఆఫీసులో ఒకమ్మాయి ఉండేది. జంగారెడ్డిగూడెం నుంచి వచ్చి ఏలూరులో హాస్టల్లో ఉండేది. కోడ్ రాయడంలో నాకంటే నిదానం, చదవడంలో నాకంటే గట్టిది. నా కోడ్ చదివి ఒకరోజు అడిగింది.

"మాస్టారూ, ఈ మూడింట్లో మధ్యది ఆగిపోతే మూడోదాని సంగతేంటండి?"

"ఎందుకాగుతుందమ్మా? ఎర్రర్ వస్తే పట్టుకుని పక్కన పడేస్తున్నాం కదా."

"పడేశాక మళ్ళీ వరసలోకి వస్తున్నామా అని."

"వస్తాంలే. ముందు డెలివరీ అవనీ, తర్వాత చూద్దాం."

తర్వాత చూడలేదు. ఆ అమ్మాయి ఇంకోసారి అడగలేదు. పెద్దవాడినని గౌరవం. ఆ గౌరవం మా ఇద్దరికీ మంచిది కాకపోయింది.

కేంద్రాల్లో కంప్యూటర్లు పెట్టడానికి నేనే వెళ్ళాను. కొల్లేరు మీదుగా కైకలూరు బస్సెక్కి, అక్కడ నుంచి ఆటోలో మండవల్లి. కేంద్రం అంటే ఒక మేత కొట్టు పక్కన ఒంటి గది. అందులో పని చేసే ఆవిడకి ముప్పై దాటి ఉంటాయి. జువాలజీ డిగ్రీ చదివింది. తండ్రి ఆ ఊరి చర్చిలో పెద్ద. ఆయనకీ కొద్దిగా పొలం ఉండేది. రైతులు చెరువు పేరు చెబితే చాలు, అందులో బొచ్చె చేపలు ఎన్నాళ్ళవో, మేత ఎంత వేస్తున్నారో ఆవిడే చెప్పేది. మగ రైతులు ఆవిడ మాట వినడం అలవాటు చేసుకోవడానికి రెండేళ్ళు పట్టిందని నవ్వుతూ చెప్పింది.

అప్పటిదాకా ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. రోజూ మధ్యాహ్నం భోజనం చేశాక ల్యాబ్‌కి ఫోన్ చేసి, పొద్దున పంపిన ఒక్కో సీసా సంగతీ అడిగి కనుక్కునేది. ల్యాబ్‌లోవాళ్ళకి అది విసుగు. నేను కంప్యూటర్ నేర్పుతుంటే ఆవిడ అడిగింది.

"ఫోన్ చేస్తే తప్పేం లేదు కదండీ?"

"ఇక అక్కర్లేదమ్మా. ఫలితం రాగానే ఇక్కడ ఎర్రగానో పచ్చగానో లైను కనబడుతుంది. రాలేదంటే ఇంకా తేలలేదని అర్థం."

ఆ ఆఖరి వాక్యం నేనే చెప్పాను. కోడ్‌లో ఎక్కడా లేదు, మాన్యువల్లోనూ లేదు. నాకు నేనుగా కల్పించి చెప్పిన భరోసా. ఆవిడ ఫోన్ చేయడం మానేసింది.

నాలుగు నెలలు బాగానే నడిచింది. ఒక సోమవారం మండవల్లి దగ్గర్లో ఒక ఉమ్మడి చెరువు నుంచి శాంపిల్ వచ్చింది. ఏడు కుటుంబాలు కలిసి లీజుకి తీసుకుని చేస్తున్న చెరువు. ఆ ఏడింటిలో నాలుగు ఆవిడ చర్చికి వచ్చే కుటుంబాలే. ల్యాబ్‌లో పరీక్ష చేస్తే నీళ్ళలో అమ్మోనియా బాగా ఎక్కువగా ఉంది. వెంటనే మేత ఆపి, నీళ్ళు మార్చాలి. పదకొండు దాటాక ల్యాబ్ అసిస్టెంట్ ఆ ఫలితం కంప్యూటర్లో నొక్కాడు. మండవల్లిలో ఏ లైనూ కనబడలేదు. మంగళవారం ఒక రైతు వచ్చి అడిగితే, ఇంకా తేలలేదు బాబాయ్, రాగానే కబురు చేస్తానని ఆవిడ చెప్పింది. వాళ్ళు ఎప్పటిలాగే తవుడు మేత వేశారు. బుధవారం తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలింది.

నేను ఆ చెరువు చూడలేదు. చూసినవాళ్ళు చెప్పారు. చేపలు ఒడ్డుకి కొట్టుకొచ్చి, వలలతో లాగిన కొద్దీ వస్తూనే ఉన్నాయట. కొనేవాళ్ళు లేక గట్టు మీద గోతులు తీసి పాతిపెట్టారు. మధ్యాహ్నానికి ఏడు కుటుంబాల మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఆ ఒంటి గది ముందుకొచ్చి నిలబడ్డారు.

గురువారం పొద్దున మేనేజర్ గారు ఫోన్ చేశారు. "మాస్టారూ, ఆ శాంపిల్ గురించి మీ లాగ్‌లో ఏముందో చూసి కాగితం తీసుకురండి." నేను చూశాను. లైను స్పష్టంగా ఉంది. సోమవారం, పదకొండూ నలభై, శాంపిల్ నంబరు, మండవల్లి కేంద్రం, అందింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు గర్వంగా అనిపించింది. కష్టకాలంలో పనికొచ్చిన వస్తువు నా చేతిది. ప్రింటు తీసి, ఆఫీసు స్కూటర్ మీద వెళ్ళి ఆయన చేతికిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "అయితే అమ్మాయి చూసుకోలేదన్నమాట" అన్నారు. నేను స్కూటరెక్కి వచ్చేశాను. ఆ సాయంత్రమే ఆవిణ్ణి కేంద్రానికి రావద్దన్నారు.

శుక్రవారం ఆవిడ మా ఆఫీసుకి వచ్చింది. మండవల్లి నుంచి రెండు బస్సులు మారి, ఆ మెట్లెక్కి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"నాకు రాలేదండి" అంది.

"లాగ్‌లో అందిందని ఉందమ్మా."

"చూశానండి, సారు చూపించారు. సోమవారం పొద్దున్నించీ సాయంత్రం దాకా నేను కుర్చీలోంచి లేవలేదు. రాలేదండి."

"ఒక్కోసారి హడావుడిలో చూసీ చూడనట్టు…"

ఆవిడ నా మాట పూర్తి కానిచ్చింది. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఆ లైను రాసిందెవరండీ?"

"కంప్యూటరమ్మా."

"దానికి అలా రాయమని చెప్పిందెవరండీ?"

నేనే అన్నాను. ఆవిడ తల ఊపి, "మరొక్కసారి చూడండి. వెళ్ళొస్తానండి" అని దిగిపోయింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేను కోపం తెచ్చుకుని మర్చిపోయేవాణ్ణేమో.

శనివారం మా జంగారెడ్డిగూడెం అమ్మాయి నాకంటే ముందొచ్చింది. మా ఆఫీసులో పరీక్షల కోసం ల్యాబ్‌లాంటి ఏర్పాటే ఒకటి ఉండేది. నేను వెళ్ళేసరికి ప్రింటర్లోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టి ఉంది.

"మాస్టారూ, ఇప్పుడొక ఫలితం నొక్కండి."

నొక్కాను. ప్రింటర్ కుయ్యిమంది. లాగ్ తెరిచి చూశాం. అందింది. సందేశాల పెట్టె తెరిచి చూశాం. ఖాళీ.

అర్థం కావడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. లాగ్ వరసలో మొదట ఉంది. అందుకని ఇంకా ఎవరికీ చెప్పకముందే అందిందని రాసేస్తుంది. రెండోది ప్రింటర్. అక్కడ కాగితం లేకపోయినా, ఇరుక్కున్నా ఎర్రర్. ఆ ఎర్రర్‌ని నేను పట్టుకున్న మాట నిజమే. పట్టుకున్న చోటు వరస బయట. అక్కడ నుంచి మళ్ళీ మూడోదాని దగ్గరికి వెళ్ళే దారి లేదు. ఆ అమ్మాయి నాలుగు నెలల కిందట అడిగింది అదే.

మధ్యాహ్నం ఏదో వంక పెట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళాను. అక్కడ ప్రతి ఫలితం ప్రింటూ ఫైల్లో గుచ్చుతారు. సోమవారం కట్టలో రెండు నంబర్లు లేవు. అసిస్టెంటుని అడిగితే, "ఆయ్, ఆ రోజు కాగితం ఇరుక్కుపోయిందండి. ఓ పావుగంట పట్టింది సరిచేసేసరికి" అన్నాడు. రెండింట్లో ఒకటి మండవల్లి ఉమ్మడి చెరువుది. రెండోది కలిదిండి రైతుది. ఆయనకి ఫోన్ చేశాను. "రిపోర్టు రాలేదండి. నీళ్ళు బాగానే ఉన్నట్టున్నాయిలే అని ఊరుకున్నాం" అన్నాడు. ఆయన నీళ్ళు నిజంగానే బాగున్నాయి. ఆయన అదృష్టం. లాగ్‌లో ఆయన లైను పక్కన కూడా అందింది అనే ఉంది.

సాయంత్రం మా యజమానికి చెప్పాను. చెడ్డవాడు కాదు. మా ఐదుగురి ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆయన తెచ్చే పనులతోనే. అప్పుడే ఆ ల్యాబ్ వాళ్ళు ఇంకా చాలా కేంద్రాల్లో మా సరుకు పెట్టాలని మాట్లాడుతున్నారు.

"కోడ్ సరిచేద్దాం మాస్టారూ. ఈ రాత్రికే. కానీ బయటికి చెప్పడం ఎందుకు? చచ్చిన చేపలు బతకవు కదా."

"మండవల్లి అమ్మాయి ఉద్యోగం?"

"నాకు తెలిసిన స్కూల్లో చెప్పి పెట్టిస్తాను. ఇంతకంటే మంచిదే చూద్దాం."

నేను సరేననలేదు, కాదనలేదు. ఇంటికి వెళ్ళిపోయాను. ఆదివారం గడిచింది. సోమవారం కోడ్ సరిచేసి ల్యాబ్‌లో పెట్టాను. మంగళవారం మేనేజర్ గారు ఇంకో కబురు చేశారు. రైతులు ఊరుకోవడం లేదు, బుధవారం మండవల్లిలో కూర్చుంటున్నాం, రికార్డు ప్రకారం కేంద్రానికి సమాచారం అందిందని కంపెనీ తరఫున ఉత్తరం రాసి, సంతకం పెట్టి, మీరే వచ్చి చదవాలి అని.

నేను ఉత్తరం రాశాను. ఇది మీకు చెప్పకపోతే మిగతాదంతా చెప్పి ప్రయోజనం లేదు. చాలా జాగ్రత్తగా రాశాను. మా లాగ్ ఫైలులో ఆ శాంపిల్‌కి ఎదురుగా అందింది అని నమోదై ఉన్నది, అని. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అందిందని నేను అనడం లేదు, నమోదై ఉందంటున్నాను. ఆ తేడా నన్ను కాపాడుతుందనుకున్నాను. మా ఆఫీసు అమ్మాయి ఆ ఉత్తరం చదివి తిరిగి నా బల్ల మీద పెట్టింది.

"నాకు ఈ ఉద్యోగం కావాలి మాస్టారూ. అందుకని నేనేం అనలేను" అంది. మళ్ళీ తనే, "మీక్కూడా కావాలని తెలుసండి" అంది. అంతే. వెళ్ళి తన సీట్లో కూర్చుంది.

బుధవారం యజమాని, నేను, మేనేజర్ గారు జీపులో వెళ్ళాం. మేత కొట్టు ముందు రేకుల పందిరి కింద బెంచీలు వేశారు. ఏడు కుటుంబాలవాళ్ళూ ఉన్నారు. చివరి బెంచీలో ఆవిడ, పక్కన తండ్రి. ఆ ఇద్దరికీ అటూ ఇటూ ఒక్కొక్కరు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. నిలబడ్డవాళ్ళు ఉన్నారు గానీ అక్కడ కూర్చున్నవాళ్ళు లేరు.

మేనేజర్ గారు నాలుగు మాటలు మాట్లాడి నన్ను చదవమన్నారు. లేచి చదివాను. గొంతు బాగానే వచ్చింది. చదవడం అయ్యాక ఒక పెద్దాయన చేయెత్తాడు. లీజు కాగితం మీద మొదటి సంతకం ఆయనదేనని తర్వాత తెలిసింది. ఆయన గొంతులో కోపం లేదు. తెలియక అడుగుతున్నట్టే అడిగాడు.

"ఏవండీ బాబూ, అందిందంటే ఏంటండి? ఆ అమ్మాయి చూసిందనా?"

నేను కాగితం వైపు చూశాను. అందులో దీనికి జవాబు లేదు.

"చూసిందని కాదండి" అన్నాను.

"పోనీ ఆ అమ్మాయి కంప్యూటర్లోకి వచ్చిందనా?"

మా యజమాని నా వైపు చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. ఆ పెద్దాయన నా మాట కోసం ఎదురుచూస్తున్నాడు. ఇక్కడ అవునంటే అది నేను చెప్పిన అబద్ధం అవుతుంది, ఫైలుది కాదు. అంతవరకూ ఫైలు వెనక నిలబడ్డవాణ్ణి.

"కాదండి. రాలేదు. ఏలూరులోనే ఆగిపోయింది. తప్పు నాది."

తర్వాత అంతా చెప్పాను. కాగితం ఇరుక్కోవడం, వరస, లాగ్ ముందే రాసేయడం. చెబుతుంటే అర్థమవుతోందో లేదో తెలియలేదు. వెనక నుంచి ఒకావిడ, "అంటే పోస్టుమాన్ ఇంట్లోంచి బయల్దేరకుండానే ఉత్తరం ఇచ్చేశానని రాసుకున్నట్టా?" అంది. నేను మూడు పేజీల్లో రాసినా అంత బాగా చెప్పలేను. అవునండి అన్నాను.

"ఎప్పుడు తెలిసిందండి మీకు?" పెద్దాయనే మళ్ళీ అడిగాడు.

"శనివారం."

పెద్దాయన వెనక్కి తిరిగి ఆవిడ వైపు చూసి, "అమ్మాయ్, మేం చాలా మాటలన్నామే" అన్నాడు. ఆవిడ తండ్రి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆవిడ మాత్రం లేచి నిలబడి నాతో మాట్లాడింది.

"ఇకమీదట ఎలా రాస్తారండి?"

"మా లైబ్రరీలో వరస సరిచేశామమ్మా. ఇప్పుడు సందేశం పెట్టెలో పడ్డాకే అందిందని రాస్తుంది."

"పెట్టెలో పడితే నాకు అందినట్టెలాగండి? నా దగ్గరికొచ్చి, నేను చదివి, చూశానని నా చేత్తో నొక్కాలి. అప్పటిదాకా అందిందని రాయకండి. నేను నొక్కకపోతే ల్యాబ్‌లోవాళ్ళు నాకు ఫోన్ చెయ్యాలి."

పక్కన మా యజమాని జేబులోంచి పెన్ను తీసి, నా ఉత్తరం వెనకే ఆ మాటలు రాసుకున్నాడు. తర్వాత మా లైబ్రరీలో మూడు మాటలు వచ్చాయి. పంపాం, చేరింది, చూశారు. లాగ్ వరసలో చివరికి వెళ్ళింది. ఏ ప్రోగ్రాము ఆగిపోయినా మిగతావాటిని పిలిచి తీరుతుంది, ఆగిపోయినదాని పేరు కూడా లాగ్‌లో పడుతుంది. ఇప్పుడు మీరు వాడే లైబ్రరీల్లో ఇవన్నీ పుట్టుకతోనే ఉంటాయి. మాకు మాత్రం డిజైన్ చెప్పింది జువాలజీ చదివిన ఆవిడ.

రైతులకీ ల్యాబ్‌కీ మధ్య ఏదో ఒప్పందం కుదిరింది. అందులో మా కంపెనీ కూడా చేయి వేసింది. వివరాలు నాకు తెలియనివ్వలేదు, నేనూ అడగలేదు. కొత్త కేంద్రాల పని మాకు రాలేదు. మా యజమాని నాతో పది రోజులు ముభావంగా ఉన్నాడు. ఒకరోజు టీ తాగుతూ, "జీపులో వస్తున్నప్పుడే చెప్పి ఉంటే నేను కూడా సిద్ధపడేవాణ్ణి కదా మాస్టారూ" అన్నాడు. జీపులో ఉన్నప్పుడు నాకే తెలియదయ్యా అన్నాను. నమ్మాడో లేదో తెలియదు. ఉద్యోగం మాత్రం ఉంచాడు.

ఆవిణ్ణి ఆ బుధవారం మర్నాడే మళ్ళీ కేంద్రానికి పిలిచారు. వెళ్ళింది. మరో రెండేళ్ళు చేసి, టీచర్ పోస్టు వస్తే మానేసింది. జంగారెడ్డిగూడెం అమ్మాయి ఇంకో మూడేళ్ళు మాతో ఉండి హైదరాబాద్‌లో చేరింది. ఉన్నన్నాళ్ళూ నా కోడ్‌ని ఆ అమ్మాయి చదివి సరేనన్నాకే డెలివరీ చేసేవాళ్ళం. ఒకే ప్రశ్న మూడుసార్లు అడగడం కూడా నేర్చుకుంది.

ఈ కథ మా చుట్టుపక్కల కంపెనీల్లో కొంత ప్రచారమైంది. చెప్పేవాళ్ళు చెప్పగా చెప్పగా అందులో నేను బాగా ఎత్తు పెరిగాను. మాస్టారు తన ఉద్యోగం లెక్కచేయకుండా మండవల్లి వెళ్ళి, నలుగురిలో తప్పు ఒప్పుకున్నారట అనేవాళ్ళు. నేను వెళ్ళింది ఉత్తరం చదవడానికని ఎవరికీ చెప్పలేదు. పెద్దాయన అడగకపోయి ఉంటే జీపెక్కి తిరిగి వచ్చేసేవాణ్ణా? వచ్చేసేవాణ్ణనే అనుకుంటున్నాను.

ఆ తర్వాత నాలుగైదేళ్ళకి ఒక సాయంత్రం ఏలూరులో ప్యాసింజర్ ఎక్కితే, ఎదురు సీట్లో మండవల్లి ఆవిడ కనబడింది. భీమడోలులో టీచరుగా చేస్తున్నానని, ఏదో శిక్షణకి ఏలూరు వచ్చి వెళ్తున్నానని చెప్పింది. నా ఆరోగ్యం అడిగింది, ఇంట్లోవాళ్ళని అడిగింది. దెందులూరు దాటాక మాటల్లో ఆ పాత సంగతి వచ్చింది.

"మీరొచ్చి చెప్పారని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారండి, గొప్పాయన అని" అంది.

"అంత గొప్పేం కాదమ్మా" అన్నాను.

"అవునండి" అంది. వెటకారం లేదు. "అందరికీ మీరు బుధవారం చెప్పారన్నది గుర్తు. మీకు శనివారమే తెలిసిందన్నారు, నాకు అది గుర్తుండిపోయింది. మధ్యలో ఆదివారం ఉందండి. ఆ ఆదివారం నేను ఆరాధనకి వెళ్ళలేదు. నాన్న ఒక్కరే వెళ్ళారు. వాళ్ళందరూ ఉంటారు కదా. ఊహ తెలిశాక నేను మానేసింది ఆ ఒక్క ఆదివారమేనండి."

ఆ ఆదివారం నేనేం చేశానో నాకు గుర్తుంది. మధ్యాహ్నం భోజనం చేసి నిద్రపోయాను. అది ఆవిడకి చెప్పలేదు. క్షమించమ్మా అన్నాను. ఆవిడ సరేనని గానీ పర్లేదని గానీ అనలేదు. తన బళ్ళో పిల్లల గురించి చెప్పడం మొదలుపెట్టింది. కప్ప బొమ్మ వేయమంటే అందరూ చేపే వేస్తారట. భీమడోలు వచ్చేదాకా వింటూ కూర్చున్నాను.